బిందెల వరుస, గుడి వరుస

(మొన్న ఆదివారం సాయంత్రం విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మేం కొందరం కలిసి ఏర్పాటు చేసుకున్న చిన్న సమావేశంలో, రిటైరైన ఒక ఫిజిక్స్ మాస్టారు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు చదువుకోవడానికి రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఇంకేమీ తీసెయ్యలేదు.)

అందరికీ నమస్కారం. మైకు వద్దులెండి, ముప్పై అయిదేళ్ళు మైకు లేకుండానే పాఠం చెప్పాను. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ఎవరూ ఎత్తలేదంటే వినిపిస్తోందనైనా అనుకోవాలి, అసలు వినడం లేదనైనా అనుకోవాలి.

నన్ను పిలిచినవాళ్ళు బోర్డు మీద ఏం రాశారో చూశారు కదా, 'నేటి సమాజంలో భక్తి, నైతిక విలువలు' అని. ఆ మాట చూస్తే నాకే నిద్రొస్తోంది. మీకు రాదా? అందుకని నేను దాని గురించి మాట్లాడను. నీళ్ళ బిందెల గురించి మాట్లాడతాను. తర్వాత గుడి దగ్గరికి వెళ్దాం.

ఈ ఊళ్ళో ఎండాకాలం ట్యాంకరు కోసం నిలబడనివాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఆడవాళ్ళు నవ్వుతున్నారు, మగవాళ్ళు నేల చూస్తున్నారు. అర్థమైంది. మేం అప్పట్లో కంచరపాలెం దగ్గర అద్దెకుండేవాళ్ళం. ట్యాంకరు ఏడింటికి వస్తుందంటే అయిదింటికే బిందెలు వరుస కట్టేవి. బిందెలేనండీ, మనుషులు కాదు. మనుషులు ఇళ్ళల్లో పిల్లలకి క్యారేజీలు కట్టుకుంటూ ఉండేవారు. వీధి పొడుగునా ప్లాస్టిక్ బిందెలు, స్టీలు బిందెలు, నూనె డబ్బాలు. బిందె ఖాళీ లేనివాళ్ళు ఒక ఇటికముక్క పెట్టి వెళ్ళిపోయేవారు. ఆ ఇటికముక్క ఫలానా ఆవిడది అని వీధంతటికీ తెలుసు. మా బిందె మెడకి మా ఆవిడ పాత జాకెట్టు గుడ్డపీలిక ఒకటి కట్టింది, గుర్తుకి.

అక్కడ పోలీసు లేడు, టోకెను లేదు, బారికేడ్లు లేవు. ఒకరి బిందె ఇంకొకరు జరిపేవారు కాదు. ఒకసారి మా వీధికి కొత్తగా వచ్చిన ఒకాయన పొద్దున్నే లేచి, నాలుగు బిందెలు వెనక్కి నెట్టి తనది ముందు పెట్టుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ట్యాంకరు వచ్చింది. పైపు పట్టుకున్న కుర్రాడు "ఇదెవరిదండీ?" అన్నాడు. వీధంతా ఊరుకుంది. ఆయన అక్కడే ఉన్నాడు, ఆయనా పలకలేదు. పలకలేకపోయాడు. కుర్రాడు బిందెని కాలితో పక్కకి జరిపి పైపు రెండోదాంట్లో పెట్టాడు. అంతే జరిగింది. ఆయన మర్నాటి నుంచి వెనకే పెట్టుకున్నాడు, ఆర్నెల్లలో మాకు మంచి స్నేహితుడయ్యాడు కూడా.

హుద్‌హుద్ తుఫాను గుర్తుందా? 2014 అక్టోబరు 12, ఆదివారం. తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాలు లేవు. పెట్రోలు బంకు దగ్గర నేను రెండున్నర గంటలు నిలబడ్డాను. చెట్లన్నీ రోడ్డు మీద పడి ఉన్నాయి. కైలాసగిరి వైపు చూస్తే కొండ గుండు కొట్టించుకున్నట్టుంది. అంత కష్టంలోనూ ఆ వరుస చెదరలేదు. ఒకాయన చేతిలో క్యాను పట్టుకొచ్చి, "ఇంట్లో ముసలాయనకి ఆక్సిజన్ మిషనుంది, జనరేటరుకి డీజిలు కావాలి" అంటే, ముందున్నవాళ్ళే పక్కకి జరిగి దారిచ్చారు. నిజమా అబద్ధమా అని ఎవరూ అడగలేదు.

మరి ఇప్పుడు చెప్పండి. ఇదే ఊరు, ఇదే జనం. బిందె జరపని ఆవిడ, దారిచ్చిన ఆయన. వీళ్ళే గుడి క్యూలోకి వెళ్తే మోచేతులు ఎందుకు లేస్తాయి? "మావాళ్ళు ముందున్నారండీ" అని పిల్లాణ్ణి ముందుకి తోసి, వాడి వెనకాల ఆరుగురం ఎందుకు దూరతాం? దేవుడి దగ్గరికి వెళ్తే మనిషి మెరుగవ్వాలి కదా, తగ్గుతాడేంటి? ఈ ప్రశ్న నన్ను ఏడాది నుంచి తినేస్తోంది.

ఏడాది నుంచి అని ఎందుకన్నానో మీకు తెలుసు.

నిరుడు, 2025 ఏప్రిల్ 30, అక్షయ తదియ. సింహాచలంలో చందనోత్సవం. అప్పన్న స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం ఏడాదికి ఒక్కరోజే. ముందురోజు రాత్రి వెండి బొరిగెలతో చందనం ఒలుస్తారు. ఆ ఒక్కరోజు దర్శనం అయ్యాక మళ్ళీ మూడు మణుగుల చందనం పూస్తారు. వైశాఖ పున్నమి, జ్యేష్ఠ పున్నమి, ఆషాఢ పున్నమి, ఇంకో మూడు విడతలు. మీకు నేను చెప్పేదేముంది, మీరందరూ చిన్నప్పటి నుంచి ఎక్కిన కొండే. ఆ తెల్లవారుజామున పెద్ద వాన పడింది. 300 రూపాయల టికెట్ లైను పక్కన కొత్తగా కట్టిన గోడ కూలింది. ఏడుగురు పోయారు. వాళ్ళు తోసుకోలేదు. ఎవర్నీ తొక్కలేదు. టికెట్ కొనుక్కుని, నిలబడమన్నచోట నిలబడ్డారు.

అదే ఏడాది జనవరి 8న తిరుపతిలో ఆరుగురు పోయారు. వాళ్ళలో మన విశాఖవాళ్ళూ ఉన్నారు. వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం వెళ్ళారు. నవంబరు 1న, కార్తీక ఏకాదశి రోజు, మన ఉత్తరాంధ్రలోనే, శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో ఒక గుడి దగ్గర తొమ్మిది మంది. ఎక్కువమంది ఆడవాళ్ళే. ఒక్క ఏడాదిలో మూడు. 2015లో రాజమండ్రి పుష్కరాల రేవు మనం మర్చిపోయామా? మర్చిపోయాం. లేకపోతే మళ్ళీ ఇలా కూర్చుని మాట్లాడుకోం.

ఇది గుడి జబ్బే అనుకోకండి. 2025 జూన్ 4న బెంగళూరులో క్రికెట్ కప్పు గెలిచిన సంబరంలో స్టేడియం బయట 11 మంది పోయారు. 2022లో సియోల్లో ఒక ఇరుకు సందులో పండగ రాత్రి 159 మంది. అక్కడ పూజ లేదు, ప్రసాదం లేదు. కాబట్టి "భక్తి మూఢత్వం వల్లే ఇదంతా" అనే మిత్రులకి ఒక దణ్ణం. మీ లెక్క తప్పు.

ఇప్పుడు నా పాత ఉద్యోగం కాసేపు చేస్తాను. బాబూ, నువ్వూ, ఆ ఎర్రచొక్కా అబ్బాయీ ఇటు రండి. ఇంకో నలుగురు కావాలి, రండి రండి, హోంవర్కు ఇవ్వను. ముగ్గుపిండి తెచ్చుకున్నాను, మా ఆవిడ డబ్బాలోంచి, ఆవిడకి చెప్పకండి. అదిగో అక్కడే కూర్చుంది, సరే. ఇది చూడండి, ఇటు ఒక మీటరు, అటు ఒక మీటరు. గీశానా? ఇద్దరు లోపల నిలబడండి. బాగుందా? సెల్లు చూసుకోవచ్చు. నలుగురు నిలబడండి. ఫర్వాలేదు కానీ సంచి కింద పెట్టలేరు. అయిదుగురు. భుజాలు తగులుతున్నాయి. ఆరో అబ్బాయి కూడా రా. ఇప్పుడు నీ చెప్పు ఊడిందనుకో, వంగి తీసుకో చూద్దాం. వంగలేవు కదా? ఏడో మనిషిని నేను పెట్టను. మీకు నవ్వొస్తోంది. అక్కడ నవ్వు రాదు. వెళ్ళి కూర్చోండి నాన్నా, థాంక్స్.

మీటరు చదరంలో అయిదుగురు దాటారంటే అక్కడి నుంచి ప్రమాదమే. ఏడెనిమిది మంది అయ్యారంటే, ఇంక ఆ జనం ఒక ద్రవం. నేను పోలికకి చెప్పడం లేదు, నిజంగా ద్రవంలాగే కదులుతుంది. వెనకెక్కడో ఒకడు ఒక్క అడుగు వేస్తే ఆ తోపు అలలాగా వరుసలన్నీ దాటుకుని ముందుకొస్తుంది. మధ్యలో ఉన్నవాడి కాళ్ళు వాడివి కావు. అల ఎటు లాగితే అటు. ముందు గోడో, రెయిలింగో, మూసిన గేటో ఉంటుంది కదా, ఆ బరువంతా అక్కడ ఆగుతుంది. ఇనప కడ్డీలు వంగిపోతాయి. మనిషి ఎముకల సంగతి చెప్పక్కర్లేదు. ఊపిరి తియ్యాలంటే ఛాతీ పెరగాలి. పెరగడానికి జాగా లేదు. చాలామంది నిలబడే పోతారు. కింద పడి కాదు. వినండి, నిలబడే పోతారు.

మరి మనం దాన్నేమంటాం? తొక్కిసలాట అంటాం.

ఈ మాట దగ్గర నాతో కాసేపు ఆగండి. తెలుగు మాస్టార్లు ఎవరైనా ఉంటే తప్పులు దిద్దండి. కొట్లాట అంటే ఏంటి? ఒకరినొకరు కొట్టుకోవడం. పోట్లాట, కుమ్ములాట, తోపులాట. అన్నింట్లోనూ ఇద్దరూ చేస్తున్నారు, ఇద్దరిదీ తప్పుంది. తొక్కిసలాట అన్నా అంతే. ఒకళ్ళనొకళ్ళు తొక్కుకున్నారు, పోయారు. పేపర్లో ఆ మాట అచ్చయిందంటే నేరంలో సగం పోయినవాళ్ళ ఖాతాలో వేసేసినట్టే. రేవుకి ఒకే దారి ఎవరు పెట్టారు, గేటు ఎవరు మూశారు, గోడకి పునాది ఎవరు చూశారు, ఈ ప్రశ్నలన్నీ ఆ ఒక్క మాట వెనక దాక్కుంటాయి. సింహాచలంలో గోడ కూలితే కూడా మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ నాతో ఏమన్నాడో తెలుసా? "కొండ మీద తొక్కిసలాటంట సార్" అన్నాడు. గోడ కూలడం తొక్కిసలాట ఎలా అవుతుంది? కానీ ఆ మాట అలా నోటికొచ్చేస్తుంది. అలవాటైపోయింది.

తిరుపతిలో జరిగినదాంట్లో ఒక చిన్న సంగతి ఉంది. అప్పుడు వార్తల్లో వచ్చింది. టోకెన్లు మర్నాడు పొద్దున్న అయిదింటికి ఇస్తారు. జనం ముందురోజే వచ్చేశారు. ఒక చోట లోపలున్న ఒకావిడకి ఒంట్లో బాగోలేదు, ఆవిణ్ణి బయటికి తేవడానికి గేటు తెరిచారు. వెనకున్నవాళ్ళు టోకెన్లు ఇవ్వడం మొదలెట్టారనుకున్నారు. కదిలారు. అంతే.

చూడండి, ఎంత దారుణమో. ఆ గేటు తెరిచింది ఒక మనిషిని కాపాడటానికి. వెనకున్నవాడికి అది తెలీదు. వాడేమైనా దుర్మార్గుడా? వాడూ పిల్లల్ని ఇంటి దగ్గర వదిలి వచ్చినవాడే. వాడికి కనపడేది ముందున్నవాడి వీపు ఒక్కటే. ఇప్పుడు మా కంచరపాలెం వీధి గుర్తు తెచ్చుకోండి. అక్కడ ట్యాంకరు అందరికీ కనిపిస్తుంది. ఎన్ని బిందెలున్నాయో కనిపిస్తుంది. నీళ్ళు అందుతాయా అందవా అన్నది ఎవరి లెక్క వాళ్ళు వేసుకోవచ్చు. ముఖ్యంగా, ట్యాంకరుకి పక్క కుళాయి ఉండదు. ఎమ్మెల్యేగారి బావమరిది బిందెకి వేరే పైపు ఉండదు. గుడి వరుసలో ఏముంది? ముందేం జరుగుతోందో తెలీదు, ఎంతసేపో తెలీదు, దర్శనం ఆపేస్తారేమో తెలీదు. పక్కనించి మాత్రం ఎవరో ఇస్త్రీ పంచెతో, చేతిలో కాయితంతో లోపలికి వెళ్తూ కనిపిస్తారు. నాలుగు గంటలుగా నిలబడ్డవాడి కళ్ళెదురుగా.

అప్పుడు వాడి మనసులో ఏమనుకుంటాడు? "ఓహో, ఇక్కడ వరుస అనేది నాలాంటివాళ్ళకే" అనుకుంటాడు. ఒకసారి అలా అనుకున్నాక మోచెయ్యి లేస్తుంది. మనిషి చెడిపోయాడని మనం ఉపన్యాసాలిస్తాం. మనిషి అంత తేలిగ్గా చెడిపోడండీ. వరుస న్యాయంగా కదులుతోందని కంటికి కనిపిస్తే వాడు ఎంతసేపైనా ఆగుతాడు. నేను చూశాను కదా, హుద్‌హుద్‌లో.

పెద్దలు కోప్పడొద్దు. ఆనవాయితీగా తొలి దర్శనం ఆలయ ధర్మకర్తల కుటుంబానికి ఇవ్వడం లాంటివి వేరు. అది సంప్రదాయం, అందరికీ తెలిసిందే, దానివల్ల ఎవరికీ కడుపు మండదు. నేనంటున్నది ఫోన్ కొట్టించుకుని వెళ్ళేవాళ్ళ గురించి.

నాలాంటివాళ్ళ గురించి. అదీ చెప్పేస్తాను. మా ఆవిడ వద్దంది, అయినా చెప్తాను.

చాలా ఏళ్ళ కిందట, ఏ గుడో చెప్పను, పెద్ద గుడి. నా పాత స్టూడెంటు ఒకడు అక్కడ మంచి పొజిషన్లో ఉన్నాడు. "సార్, మీరు లైన్లో ఎందుకు, పక్కగేటు దగ్గరికి వచ్చెయ్యండి" అన్నాడు. మొహమాటానికి వద్దన్నాను, మనసులో మాత్రం ఎగిరి గంతేశాను. ఆ పక్కగేటు దగ్గర ఉచిత దర్శనం లైను మలుపు తిరుగుతుంది. నేను వెళ్ళేసరికి కడ్డీకి ఆనుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. విజయనగరం అవతలి పల్లె అనుకుంటాను, మాటని బట్టి. ఒళ్ళో గుడ్డమూట, అందులోంచి అటుకులు తీసి మనవరాలి నోట్లో పెడుతోంది. నా కోసం గేటు తెరవాలంటే ఆవిడ లేవాలి. గార్డు కర్రతో కడ్డీ మీద కొట్టాడు. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని మెల్లగా లేచింది, మూట పక్కకి జరుపుకుంది, నావైపు చూసి, "ఎల్లండి బాబూ, ఫర్వానేదు. మేం రేత్తిరినుంచి ఉన్నాం, ఇంకొంచెం సేపే కదా" అంది.

ఆవిడ తిట్టి ఉంటే నేనీపాటికి మర్చిపోయేవాణ్ణి. లోపలికి వెళ్ళాను, హారతి కళ్ళకద్దుకున్నాను. స్వామి ముఖం ఎలా ఉందని మీరడిగితే చెప్పలేను, నాకు గుర్తులేదు. ఆవిడ చేతిలో అటుకులు గుర్తున్నాయి. కొంచెం బెల్లం తడికి ముద్దకట్టి ఉన్నాయి.

రామానుజులవారు తిరుక్కోట్టియూరు గోపురం ఎక్కి మంత్రం అందరికీ వినిపించేలా చెప్పారని అంటారు. రహస్యంగా ఉంచమని గురువుగారు చెప్పినా సరే, నేను నరకానికి పోయినా ఫర్వాలేదు వీళ్ళందరూ తరించాలి అన్నారట. మనం ఆయన విగ్రహాలకి దణ్ణం పెడతాం, పెట్టేసి పక్కగేటు ఎక్కడుందని అడుగుతాం. ఆయన గోపురం ఎక్కింది క్యూ తప్పించుకోవడానికి కాదండీ.

సరే, ఇంకో మాట. గోడ కూలిన రోజు సాయంత్రం వాకింగ్‌లో ఒక మిత్రుడు, చదువుకున్నవాడే, అన్నాడు. "చందనోత్సవం నాడు అప్పన్న సన్నిధిలో పోయారు, అదృష్టవంతులు. ఎవరి ఖర్మ ఎక్కడ రాసుంటుందో." నాకు కోపం వచ్చింది. ఆయన మీద కాదు, ఆ మాట ఎంత నున్నగా ఉందో చూసి. ఒక్క వాక్యంతో కాంట్రాక్టరు పోయాడు, ఇంజనీరు పోయాడు, సంతకం పోయింది, సిమెంటు పోయింది. అన్నీ అప్పన్న మీదకి తోసేశాం. నేను కర్మని నమ్ముతానండీ. నా తలనొప్పికీ, నా కొడుకు నా మాట వినకపోవడానికీ నా కర్మ అనుకుంటాను, అది నాకు పనికొస్తుంది. ఎదుటివాడి శవం మీద కప్పడానికి అది దుప్పటి కాదు. పైగా సాక్షాత్తూ స్వామి పేరు చెప్పి నాసిరకం గోడని కాపాడుతుంటే, అది ఏ రకం భక్తి? గోడ ఎవరు కట్టారని అడగడం నాస్తికత్వం ఎప్పుడయింది?

బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి కథ మీలో చాలామందికి తెలుసు. తెలియని పిల్లల కోసం చెప్తాను. ఆ గుడివాళ్ళు చెప్పుకునే చరిత్ర ఇది. 1912లో అమ్మవారు వీధి మధ్యలో ఉండేదట. రోడ్డు వెడల్పు చెయ్యాలని మునిసిపాలిటీవాళ్ళు మూలకి జరిపారు. 1917లో ఊళ్ళో ప్లేగు వచ్చింది. అమ్మవారిని జరిపినందుకే వచ్చిందని ఊరు అనుకుని, మళ్ళీ తెచ్చి పాత చోట పెట్టారు, జబ్బు తగ్గింది.

ప్లేగు ఎలుకల మీద బతికే ఫ్లీ అనే చిన్న పురుగుల వల్ల వస్తుందని నేను క్లాసులో చెప్పినవాణ్ణే. విగ్రహం జరిపితే రాదు. అది పక్కన పెట్టండి. వాళ్ళు చేసింది చూడండి. ఊళ్ళో చావులు చూసి ఆ ముసలాళ్ళు "వాళ్ళ ఖర్మ" అనలేదు. "మనం ఏం తప్పు చేశాం?" అన్నారు. తప్పు ఏదో వెతికారు, అది తమలోనే ఉందనుకున్నారు, దొరికిందనుకున్నది సరిదిద్దారు. వాళ్ళ సైన్సు తప్పు. కానీ ప్రశ్న ఎటు తిప్పుకున్నారో చూశారా? తమవైపు. మనకి సైన్సు తెలుసు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ జనసమూహాల్ని ఎలా నడపాలో 2014లోనే మార్గదర్శకాలు అచ్చేసింది. మనం చదువుకుని, తెలిసి, ప్రశ్నని పోయినవాళ్ళ జాతకం వైపు తిప్పుతాం. నూరేళ్ళకి ఎటు నడిచామో మీరే చెప్పండి.

ఆ గుడిలో ఇంకో అందం ఉంది. అమ్మవారికి పైకప్పు లేదు. ఎండా వానా ఆవిడ మీదే. ఎవరైనా వెళ్ళి సొంత చేతులతో పసుపు కుంకుమ పెట్టొచ్చు. మా అమ్మ వేలితో పసుపు రాసి, మిగిలింది చీరచెంగుకి తుడుచుకునేది, ఆ మరక ఉతికినా పోయేది కాదు. మార్గశిర గురువారాల్లో అక్కడా తాకిడి ఉంటుంది, టికెట్ లైన్లూ వచ్చాయి, నేను కాదనను. కానీ మామూలు రోజున పొద్దున్నే వెళ్ళండి. రిక్షా అతనూ, బంగారు కొట్టు యజమానీ ఒకళ్ళ వెనక ఒకళ్ళు నిలబడి ఉంటారు. ఎవరూ ఎవర్నీ తొయ్యరు. ఎందుకు తొయ్యరు? దొరకదేమోనన్న భయం లేదు కాబట్టి. అమ్మ ఎక్కడికీ పోదు.

అంటే ఏడాదికి ఒక్కరోజు దర్శనం తప్పా? కాదు, కాదు. అపురూపమైనది అపురూపంగానే ఉండాలి. అది అపురూపం అని తెలిసినప్పుడు, దాని చుట్టూ దారులు కట్టేవాళ్ళకి అంత బాధ్యత ఉండాలంటున్నాను.

మన జనం మీద నాకు నమ్మకం ఎందుకుందో సింహాచలం గిరి ప్రదక్షిణ గురించి చెప్పి ముగిస్తాను. టైమైపోయిందా? అయిదు నిమిషాలు. ఆషాఢ పున్నమి ముందురోజు తొలిపావంచా, అంటే కొండ కింద మొదటి మెట్టు, అక్కడ కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే 32 కిలోమీటర్లు. అడివివరం, హనుమంతవాక, అప్పుఘర్ దగ్గర సముద్రంలో మునక, ఇదిగో మన ఎంవీపీ మీదుగా ఇసుకతోట, సీతమ్మధార, మాధవధార, గోపాలపట్నం, మళ్ళీ కొండ. లక్షల మంది. రాత్రి ఒంటిగంటకి మా గుమ్మం ముందు జనం నది. పక్కగేటు లేదు. టికెట్ లేదు. కలెక్టరు నడిచినా 32, కూలీ నడిచినా 32. నడక ఎవరికీ తగ్గించరు.

పోయినేడాది మా అపార్ట్‌మెంట్ వాళ్ళం మజ్జిగ పోశాం. నాకు గరిట డ్యూటీ. తెల్లవారుజామున మూడింటికి ఒకతను వచ్చాడు, పాదాలకి గుడ్డలు చుట్టుకున్నాడు, బొబ్బలు. గ్లాసు ఇచ్చాను. తాగలేదు. వెనక్కి తిరిగి, ఎవరో తెలియని ఒక పెద్దాయనకి అందించి, మళ్ళీ చెయ్యి చాపాడు. రెండోదీ వెనకావిడకి ఇచ్చాడు. మూడోది తాగాడు. నేనేదో అనబోయాను, అప్పటికే జనంలో కలిసిపోయాడు. దాని గురించి వ్యాఖ్యానం చెయ్యను.

మర్నాడు పొద్దున్న మా రోడ్డు మీద మోకాలి ఎత్తు ప్లాస్టిక్ గ్లాసులు. మేం పోసిన పుణ్యం అంతా కాలవలో. పారిశుధ్య కార్మికురాలు ఒకామె ఊడుస్తూ, "ఏటండీ మాస్టారూ, మజ్జిగ మీరు పోస్తారు, నడుం మాది ఇరుగుద్ది" అంది. సిగ్గేసింది. ఈసారి స్టీలు గ్లాసులు, రెండు బకెట్లు, కడగడానికి వంతులు. పేర్లు రాసుకుంటున్నాం. మీలో ఎవరు వస్తారో వెళ్ళేటప్పుడు చెప్పండి.

ప్రశ్నలా? అడగండమ్మా. "మాస్టారూ, మరి చందనోత్సవానికి వెళ్ళమంటారా, మానమంటారా?" అంటున్నారు. నేను వెళ్తాను. ఉచిత లైన్లోనే నిలబడతాను, మోకాళ్ళు ఒప్పుకున్నంత సేపు. మీరు వెళ్తే కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. చంటిపిల్లల్ని భుజాన ఎత్తుకోండి, చెయ్యి పట్టుకుని నడిపించకండి. జనం బిగుస్తున్నారని తెలియగానే రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి, ఊపిరికి జాగా ఉంటుంది. చెప్పు ఊడినా, ఫోన్ పడినా వంగొద్దు. తోపు వచ్చినప్పుడు ఎదురు తొయ్యకండి, అల తగ్గగానే ఐమూలగా, పక్కకి పక్కకి జరగండి. గోడకి ఆనుకోకండి. ముందు ఎవరైనా "ఆగండి" అని అరిస్తే, ఆ మాట మీరు వెనక్కి అరవండి. వెనకవాడికి తెలిసే దారి అదొక్కటే.

ఇంకెవరు? ఆయనేదో అంటున్నారు. "పక్కగేటు స్టూడెంటు ఇప్పుడు ఏం చేస్తున్నాడు?" రిటైరయ్యాడండీ. మొన్న ఫోన్ చేసి, దర్శనానికి ఎవరైనా తెలిసినవాళ్ళున్నారా సార్ అని నన్నే అడిగాడు.

టీ వచ్చినట్టుంది. కింద పెట్టారు. మెట్లు ఇరుకు, లైటు కూడా సరిగ్గా లేదు, పెద్దవాళ్ళున్నారు. గుమ్మం పక్కనున్న చివరి వరసవాళ్ళు ముందు దిగండి, తర్వాత మధ్యవాళ్ళు. నేను ఆఖర్న వస్తాను, ముగ్గుపిండి ఊడవాలి.